షినాస్‌లో ఈద్ విందు: మన వంటింట్లో తొలి షువా

ఒమన్‌లో పండుగ మాంసం ఒక రోజంతా, ఒక్కోసారి రెండు రోజులు మట్టి కింద మగ్గుతుంది. గుంత లేదు, తోట లేదు, ఉన్నది చిన్న ఫ్లాటు, చిన్న ఓవెన్. అయినా మొదటిసారి చేసి పక్కింటికి పళ్లెం పంపాలనుకునే తెలుగు కుటుంబాలకు ఈ కథనం.

ఉత్తర బతీనా గవర్నరేట్‌లో చిట్టచివరి విలాయత్ షినాస్. ఇంకాస్త ముందుకు పోతే ఎమిరేట్స్ సరిహద్దు. ఒకవైపు సముద్రం, మడ అడవులు, చేపల పడవలు. మరోవైపు ఖర్జూర, మామిడి, నిమ్మ తోటలు. పెద్ద కొనుగోళ్లకు దక్షిణాన ఉన్న సోహార్ వెళ్లాలి. మస్కట్ అంటే కారులో గంటల ప్రయాణం. రాజధానిలో జరిగే ఉగాది, సంక్రాంతి వేడుకలకు వెళ్లిరావడానికే ఒక రోజు సరిపోతుంది. అందుకే ఇలాంటి ఊళ్లలో ఉండే తెలుగువాళ్లకు పండుగ అంటే ముందుగా గుర్తొచ్చేది సంఘం కాదు, ఇరుగుపొరుగు.

బక్రీద్ వచ్చిందంటే పక్కింటి నుంచి పళ్లెం వస్తుంది. అన్నం మీద ఎముక విడిచిన మాంసం, పక్కన టమాటా పచ్చడి, ఓ గిన్నెలో ఒమానీ హల్వా. తెచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి పంపకూడదని మన పెద్దలు నేర్పిన మర్యాద. కాబట్టి మన ఇంటి నుంచి పులిహోరో, గారెలో, సున్నుండలో వెళ్తాయి. ఏళ్ల తరబడి సాగే ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక మెట్టు పైకెక్కాలనిపించడం సహజం. వాళ్ల పండుగ వంటనే మనం వండి వాళ్లకే పెడితే ఎలా ఉంటుంది?

ఇందులో కాస్త సాహసం ఉంది. ఒక ఒమానీ కుటుంబం ఉగాది పచ్చడి కలిపి మన గుమ్మంలోకి తెస్తే మనం ఎంత ముచ్చటగా, ఎంత పరీక్షగా రుచి చూస్తామో, వాళ్లూ అలాగే చూస్తారు. బాగుంటే ఆ మాట ఆ వీధిలో చాలా రోజులు ఉంటుంది. అంతంతమాత్రంగా ఉన్నా మర్యాదకు తింటారు. ఆ మర్యాద దాకా రాకుండా, నిజంగా ఇష్టంగా తినేలా చేయడం ఎలాగో చూద్దాం.

మూడు రోజులు, మూడు వంటలు

ఒమన్‌లో ఈద్ విందు ఒక్క పూటతో అయిపోదు. చాలా చోట్ల మొదటి రోజు ఉదయం అర్సియా ఉంటుంది. బియ్యం, మాంసం కలిపి మెత్తగా ఉడికించి, గరిటెతో బాగా మెదిపి నెయ్యి పోసే వంట ఇది. హైదరాబాద్ హలీం తెలిసినవారికి దీని తీరు వెంటనే అర్థమవుతుంది. తర్వాత మిష్కాక్, అంటే మసాలా పట్టించిన మాంసం ముక్కలను పుల్లలకు గుచ్చి నిప్పుల మీద కాల్చడం. చివరికి అందరూ ఎదురుచూసే షువా. ఏ రోజు ఏది అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. కొన్ని ఊళ్లలో షువా రెండో రోజే బయటికి వస్తుంది, కొన్నిచోట్ల మూడో రోజు.

మనకు కనుమ ఎలాగో వాళ్లకు ఈ రోజులు అలాగ. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కదా! ఇక్కడా అంతే. ఎక్కడెక్కడో ఉద్యోగాలు చేసే పిల్లలందరూ సొంతూరు చేరతారు, తాతగారింట్లో గుంత చుట్టూ మూగుతారు. తెలంగాణలో దసరాకు యాట కోసి వాటాలు వేసుకున్న ఇళ్లవారికి ఈ సందడి కొత్తేమీ కాదు.

గుంతలో ఏం జరుగుతుంది?

షువా అన్న మాటకు అరబీలో కాల్చడం అనే అర్థం ఉంది. అయితే మంట తగిలేలా కాల్చడం కాదు. ముందు మేక, గొర్రె లేదా ఇతర మాంసానికి వెల్లుల్లి, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, మిరియాలు, లవంగాలు, ఏలకులు, దాల్చినచెక్క, వెనిగర్, నూనె కలిపిన ముద్ద దట్టంగా పట్టిస్తారు. కనీసం ఒక రాత్రి, వీలైతే అంతకన్నా ఎక్కువ ఊరనిస్తారు. తర్వాత అరటి ఆకుల్లో చుట్టి, ఖర్జూరపు ఆకులతో అల్లిన సంచుల్లో పెట్టి గట్టిగా కడతారు.

ఈలోగా రాళ్లు పేర్చిన లోతైన గుంతలో కట్టెలు మండించి నిప్పులు చేస్తారు. దీన్ని తన్నూర్ అంటారు. నిప్పులు కణకణలాడే వేళ సంచులన్నీ గబగబా లోపల వేసి, పైన ఇనుప మూత పెట్టి, తడి గోనెసంచులు కప్పి, మట్టి మెత్తుతారు. ఎక్కడా పొగ బయటికి రాకూడదు. పొగ వస్తోందంటే గాలి లోపలికి పోతోందని అర్థం. గాలి తగిలితే నిప్పు మంటవుతుంది, మాంసం మాడి బొగ్గవుతుంది. అందుకే మూసిన తర్వాత కూడా చుట్టూ తిరిగి చూసి, సన్నగా పొగ కనిపించిన చోటల్లా మళ్లీ మట్టి అద్దుతారు. గాలి అందని నిప్పు ఆరిపోతున్నా, కాలిన రాళ్లలో వేడి గంటల తరబడి నిలుస్తుంది. ఆ వేడికే మాంసం నెమ్మదిగా మగ్గుతుంది.

ఒక గుంతలో ఒక్క ఇంటి మాంసమే ఉండదు. అన్నదమ్ములవి, పొరుగువాళ్లవి, ఒక్కోచోట వాడంతటివీ కలిపి వేస్తారు. ఏ సంచి ఎవరిదో తెలియడానికి ఎవరి గుర్తు వాళ్లు కట్టుకుంటారు. ఒకరు తీగ చుడతారు, ఇంకొకరు రేకుముక్క కడతారు. గుంత తెరిచే వేళ ఆ గుర్తుల కోసం పిల్లల వెతుకులాట చూసి తీరాలి.

బార్కస్ మందీకి దగ్గరి చుట్టం

హైదరాబాద్‌వాళ్లకు ఈ పద్ధతి పూర్తిగా కొత్త కాదు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు నివసించే పేట బార్కస్. బ్యారక్స్ అన్న మాటే అలా మారింది. నగరమంతా ఇష్టపడే మందీకి అక్కడ ప్రత్యేకమైన పేరుంది. మందీ కూడా అసలు పద్ధతిలో తన్నూర్‌లో వండేదే. కానీ అందులో మసాలా తక్కువ, మాంసం కింద అన్నం ఉంటుంది, కొన్ని గంటల్లో అయిపోతుంది. షువాలో ఆకు చుట్ట ఉంటుంది, మసాలా ఘాటు ఉంటుంది, సమయం రోజుల లెక్కలో ఉంటుంది. భారత పశ్చిమ తీరంతో, జాంజిబార్‌తో ఒమన్ నావికులు శతాబ్దాలుగా చేసిన వ్యాపారం ఆ మసాలా ముద్దలో తెలుస్తుంది. మిరియం, ఏలకి మన వైపు సరుకులు. లవంగం జాంజిబార్ తోటల్లో పండింది.

మన దగ్గరా ఇలాంటి ఆలోచన ఉంది. మారేడుమిల్లి, అరకు దారుల్లో వెదురు బొంగులో కోడి మాంసం కూరి, ఆకుతో మూతి మూసి కాలుస్తారు. కచ్చి బిర్యానీ గిన్నెకు గోధుమపిండి చుట్టి దమ్ పెడతారు. ఆవిరి బయటికి పోకుండా, మాంసం తన రసంలోనే ఉడకడం వీటన్నిటికీ మూలం. కాబట్టి షువాను ఇంట్లో చేయబోయే తెలుగువారికి సగం విద్య ముందే వచ్చు. కావలసిందల్లా ఓపిక.

తేదీ ముందే తెలుస్తుంది

రంజాన్ ఈద్ ఎప్పుడన్నది ముందు రోజు రాత్రి నెలవంక కనిపించాకే తేలుతుంది. బక్రీద్ అలా కాదు. అది దుల్ హజ్ నెలలో పదో రోజు. నెల మొదట్లో చంద్రుడు కనిపించగానే తేదీ ఖాయమవుతుంది కాబట్టి తొమ్మిది పది రోజుల వ్యవధి దొరుకుతుంది. మొదటిసారి చేసేవారికి ఇది పెద్ద వెసులుబాటు. పైగా హిజ్రీ సంవత్సరం మన క్యాలెండర్ కన్నా సుమారు 11 రోజులు చిన్నది కాబట్టి ఈద్ ఏటా ముందుకు జరుగుతుంది. ఇంట్లో నీచు తినని వారాలు, మాసాలు పాటించేవారు తేదీ తెలియగానే పంచాంగం చూసుకుంటే మంచిది. ఈద్ సెలవుల్లో ఏదో ఒక రోజు మీకు వీలవుతుంది. విందు పండుగ నాడే పెట్టాలని లేదు.

మాంసం విషయానికొస్తే, లేత ముక్క కోసం వెతకడం ఇక్కడ పొరపాటు. ముందుకాలు, జబ్బ భాగం అడగండి. నరాలు, పొరలు ఎక్కువగా ఉండే ఈ భాగమే గంటల తరబడి నెమ్మదిగా వేడెక్కితే మెత్తబడి, జిగురుగా, రసంగా మారుతుంది. తొడ కూడా బాగుంటుంది కానీ కొవ్వు తక్కువ కాబట్టి ఎండిపోకుండా చూసుకోవాలి. స్థానిక మేక మాంసానికి రుచి ఎక్కువ, సమయమూ ఎక్కువే. గొర్రె అయితే కాస్త తొందరగా అవుతుంది. ఎముకతో సహా ఒకే పెద్ద ముక్కగా ఇమ్మనాలి. అలవాటుగా కూర ముక్కలు కొట్టేస్తారు, ముందే చెప్పాలి.

కావలసినవి (6 నుంచి 8 మందికి)

ఎముకతో ఉన్న మేక లేదా గొర్రె జబ్బ: 2 కిలోలు
వెల్లుల్లి రెబ్బలు: 15
కాశ్మీరీ ఎండుమిర్చి: 8 (కారం కావాలంటే గుంటూరు మిర్చి 3 కలపండి)
ధనియాలు, జీలకర్ర: ఒక్కో టేబుల్ స్పూన్
మిరియాలు: టీస్పూన్
ఏలకులు, లవంగాలు: ఆరేసి
దాల్చినచెక్క: అంగుళం ముక్క
పసుపు: అర టీస్పూన్
వెనిగర్: 4 టేబుల్ స్పూన్లు
నూనె: 4 టేబుల్ స్పూన్లు
నిమ్మకాయలు: 2
ఉప్పు: సుమారు 25 గ్రాములు
అరటి ఆకులు: 3 పెద్దవి; అల్యూమినియం ఫాయిల్

ఈ జాబితాలో అల్లం, గరం మసాలా, పెరుగు లేవని గమనించండి. చేయి ఊరుకోక అవి వేస్తే మంచి మటన్ రోస్ట్ అవుతుంది కానీ షువా రుచి రాదు. ఇక్కడ ముందుండాల్సింది వెల్లుల్లి, వెనిగర్ పులుపు, ధనియాల వాసన.

మూడు రోజుల పని

మొదటి రోజు: గడ్డకట్టిన మాంసమైతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి కరగనివ్వాలి. రెండు కిలోల ముక్కకు పూర్తిగా ఒక రోజు పడుతుంది. సింకులోనో, వంటగట్టు మీదో వదిలేయకండి. బతీనా ఎండల్లో వంటగది వేడికి పై భాగం పాడవుతుంది, లోపల మాత్రం గడ్డగానే ఉంటుంది.

రెండో రోజు: దినుసులను నూనె లేకుండా దోరగా వేయించి పొడి చేయాలి. నానబెట్టిన మిర్చి, వెల్లుల్లి, వెనిగర్, నిమ్మరసం, ఉప్పు, నూనెతో కలిపి ముద్దగా నూరాలి. మాంసం తడి తుడిచి, కత్తి మొనతో ఎముక దాకా లోతుగా గాట్లు పెట్టి, ఆ గాట్లలోకి మసాలా కూరాలి. పైపైన పూస్తే పైపైనే ఉంటుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లో 24 గంటలు ఊరనివ్వాలి.

మూడో రోజు: మధ్యాహ్నం ఒంటిగంటకు భోజనమంటే ఉదయం ఆరింటికే పని మొదలెట్టాలి. అరటి ఆకులను స్టవ్ మంట మీద అటూ ఇటూ తిప్పితే రంగు మారి మెత్తబడతాయి, మడిచినా చిరగవు. మాంసాన్ని రెండు పొరల ఆకులో చుట్టి, పైన ఫాయిల్‌తో రెండుసార్లు గట్టిగా మూయాలి. లోతైన ట్రేలో పెట్టి, అడుగున ఒక కప్పు నీళ్లు పోసి, ముందే వేడి చేసిన ఓవెన్‌లో 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఐదు గంటలు ఉంచాలి. మధ్యలో తెరిచి చూడాలనిపిస్తుంది, తెరవకండి. గుంత మీద మట్టి తీసి తొంగిచూసేవాళ్లు ఎవరూ ఉండరు!

ఐదు గంటల తర్వాత ఒక మూల విప్పి, ఎముకను పట్టుకుని కొద్దిగా తిప్పండి. మాంసం నుంచి ఎముక తేలిగ్గా విడిపోతే అయినట్టే. మొరాయిస్తే మళ్లీ మూసి ఇంకో గంట ఉంచాలి. మాంసం కొలిచే థర్మామీటర్ ఉంటే లోపల 90 డిగ్రీలు దాటాలి. తినడానికి సురక్షితమైన వేడి అంతకు ముందే వస్తుంది కానీ, పొరలు కరిగి మెత్తబడటానికి ఈ వేడి, ఈ సమయం రెండూ కావాలి. దించాక అరగంట అలాగే వదిలేసి, తర్వాత ఆకు విప్పి 220 డిగ్రీల దగ్గర పది పదిహేను నిమిషాలు ఉంచితే పైన ఎర్రగా వేగుతుంది. ట్రేలో దిగిన రసం పారబోయొద్దు. కొవ్వు తేర్చి అన్నంలో వేయండి.

ఓవెన్ లేని గదుల్లో

షినాస్, సోహార్ చుట్టుపక్కల నలుగురైదుగురు కలిసి గది తీసుకుని ఉండే తెలుగు కార్మికులు ఎందరో. ఓవెన్ ఉండదు, ఈద్ సెలవు మాత్రం ఉంటుంది. వారికీ దారి ఉంది. మందపాటి అడుగున్న పెద్ద గిన్నె తీసుకోండి. అడుగున అరటి ఆకులు రెండు మూడు పొరలు పరిచి, పెద్ద ముక్కలుగా కోసి మసాలా పట్టించిన మాంసం పెట్టి, పైన మళ్లీ ఆకులు కప్పండి. ఒక కప్పు నీళ్లు చిలకరించి, మూత చుట్టూ గోధుమపిండి చుట్టి బిర్యానీకి పెట్టినట్టే దమ్ పెట్టండి. గిన్నె కింద పాత పెనం ఉంచి, సన్నని మంట మీద మూడున్నర నుంచి నాలుగు గంటలు. తర్వాత ముక్కలు తీసి పెనం మీద కాస్త ఎర్రబడేలా వేయిస్తే సరి.

ఒక్క హెచ్చరిక. పొగ వాసన కోసమని గదిలోగానీ, మూసిన బాల్కనీలోగానీ బొగ్గులు వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. బయట నిప్పు పెట్టాలన్నా, గుంత తవ్వాలన్నా స్థలం యజమాని అనుమతి, మున్సిపాలిటీ నిబంధనలు ముందే కనుక్కోవాలి.

పళ్లెం ఎలా సర్దాలి?

ఒకే పెద్ద పళ్లెంలో అన్నం పరిచి మధ్యలో మాంసం పెట్టడం ఇక్కడి పద్ధతి. బాస్మతి బియ్యాన్ని వేయించిన ఉల్లి, యాలకులు, దాల్చిన, ఒకటి రెండు లూమీలతో వండితే చాలు. లూమీ అంటే ఉప్పునీటిలో ఉడికించి నల్లబడేదాకా ఎండబెట్టిన నిమ్మకాయ. ఇరాన్‌లో ఇప్పటికీ దీన్ని ఒమానీ నిమ్మ అనే పిలుస్తారు. గింజలు తీసేసి వేయండి, లేకపోతే చేదొస్తుంది. పక్కన టమాటా, వెల్లుల్లి, పచ్చిమిర్చితో చేసే దఖూస్, పెరుగు, ముల్లంగి ముక్కలు.

శాకాహారులున్న ఇంట్లో అదే మసాలాను చిలగడదుంప, గుమ్మడి, అరటికాయ ముక్కలకు పట్టించి విడిగా ఆకులో చుట్టండి. గంటలో అయిపోతుంది. మాంసం కన్నా ముందే, వేరే ట్రేలో చేసి తీసేస్తే ఎవరికీ ఇబ్బంది ఉండదు. పిల్లలు ఎక్కువగా అడిగేది ఈ చిలగడదుంపనే కావచ్చు.

పక్కింటికి పంపేటప్పుడు గుర్తుంచుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మాంసం హలాల్ దుకాణం నుంచే కొనాలి. ఒమన్‌లో ఆ చింత లేదు కానీ అమెరికాలోనో, బ్రిటన్‌లోనో ముస్లిం స్నేహితుల కోసం చేసేవారు ప్రత్యేకంగా చూసుకోవాలి. వైన్ వెనిగర్ బదులు మామూలు వెనిగర్ లేదా ఖర్జూర వెనిగర్ వాడండి. ఏమేం వేశారో అడగకముందే చెప్పండి, వాళ్లకు సంకోచం ఉండదు. పళ్లెం వేడిగా ఉండగానే చేర్చండి. వండిన మాంసం రెండు గంటలకు మించి బయట ఉండకూడదు. 32 డిగ్రీలు దాటిన వేడిలో గంటే గడువు. వేసవిలో వచ్చే ఈద్‌లకు ఈ లెక్క మరీ ముఖ్యం.

వాళ్లింట్లోకి పిలిస్తే చెప్పులు బయట విడిచి, ఈద్ ముబారక్ చెప్పి, ఖర్జూరం, కహ్వా కుడిచేత్తో అందుకోండి. చిన్న కప్పు ఖాళీ అయిన కొద్దీ పోస్తూనే ఉంటారు. ఇక చాలనుకుంటే కప్పును అటూ ఇటూ కొద్దిగా ఊపి ఇస్తే అర్థం చేసుకుంటారు.

మిగిలితే మన పద్ధతి

మర్నాటికి కాస్త మిగిలిందంటే అదృష్టమే. చీరిన మాంసాన్ని ఉల్లిపాయలతో వేయించి పెసరట్టు మధ్యలో పెట్టండి. ఊరి నుంచి తెచ్చుకున్న గోంగూర పచ్చడి చెంచాడు కలిపి వేడి అన్నంలో తినండి. ఫ్రిజ్‌లో మూడు రోజులకు మించి ఉంచొద్దు.

వచ్చే ఈద్‌కు ఒక అడుగు ముందుకు

గల్ఫ్‌లో మన కాపురాలు వీసా గడువుల మీద నడిచేవే. ఎన్నేళ్లున్నా, పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినా, ఉద్యోగం ముగిసిన రోజున సామాను సర్దుకోవాల్సిందే. అలా తిరిగి వెళ్లిన కుటుంబాల్లో పిల్లలు ఏ ఊరి గురించి మాట్లాడతారంటే, ఆ ఊళ్లో తమను పేరు పెట్టి పిలిచిన ఇళ్లు ఎన్ని ఉన్నాయన్నదాని మీదే అది ఆధారపడుతుంది. ఇరవై ఏళ్లు పక్కపక్కనే ఉండి గుమ్మం దాటని కుటుంబాలూ ఉన్నాయి. రెండేళ్లకే ఒకరి వంటింట్లోకి ఒకరు వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఓవెన్‌లో చేసిన షువాకు పొగ వాసన రాదు. దాన్ని తిన్న పొరుగువాళ్లు ఆ మాట తప్పకుండా అంటారు. అదే సరైన సమయం. వచ్చేసారి మీ గుంతలో మాకూ చోటిస్తారా అని అడగండి. ఈద్‌కు వారం ముందే అడిగితే వాళ్లకూ లెక్క తెలుస్తుంది. మసాలా పట్టించిన మాంసంతో పాటు అరటి ఆకులో, కట్టెలకు మీ వంతు సొమ్మో తీసుకెళ్లండి. మట్టి మెత్తే వేళ పిల్లలను వెంట తీసుకెళ్లండి. గుంతలోకి దిగే ముందు మీ సంచికి మీ గుర్తు కట్టడం మాత్రం మరవకండి. తెరిచేటప్పుడు వెతుక్కోవాలి కదా!